దేవరకొండ పాత ఇంట్లో మూడు గులాబి చెట్లు: పన్నీరు గులాబేనా, ఎడ్వర్డా, ఇంకేదైనానా?

డిండి_తోట అడిగిన ప్రశ్న

నమస్తే. దేవరకొండ దగ్గర ఒక పాత పెంకుటింటి పెరట్లో మూడు గులాబి చెట్లున్నాయి. వచ్చే ఎండాకాలం ఆ ఇల్లు కూలగొడతారు. ఆలోపు కొమ్మలు తీసి నాటుకోవాలి. నర్సరీల్లో అడిగితే మూడింటికీ "నాటు గులాబి" అన్న ఒక్క పేరే చెబుతున్నారు. చెట్లు మాత్రం ఒకదానికొకటి పోలికే లేదు. ఇప్పటిదాకా చూసినవి రాస్తున్నాను.

మొదటిది ఆరడుగుల పొద. పువ్వు నిండు గులాబి రంగు, వెడల్పు ఆరేడు సెంటీమీటర్లు. పొద్దున వాసన ఘుమఘుమలాడుతుంది, మధ్యాహ్నానికి రేకులు రాలిపోతాయి. చలికాలంలో విరగబూస్తుంది, మిగతా ఏడాదంతా రెండో మూడో పూస్తూనే ఉంటుంది. ముళ్ళు బాగానే ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు దీన్ని పన్నీరు గులాబి అంటారు.

రెండోది మూడడుగులే. ముదురు ఎరుపు పూలు, మూడు నుంచి ఆరు దాకా గుత్తిగా వస్తాయి. పువ్వు తల వంచుకుని ఉంటుంది. చిగురు వంకాయ రంగు. విచ్చిన రెండో రోజుకు పువ్వు వెలిసిపోదు, ఇంకా ముదురుతుంది.

మూడోది గోడెక్కి పది అడుగులు పాకింది. తెల్లని చిన్న పూలు, గుత్తికి ఇరవై ముప్పై. ఫిబ్రవరి, మార్చిలో ఒక్కసారి పూసి ఆగిపోతుంది. మొదట్లో చెయ్యి లావున ఎండిపోయిన మొద్దు ఒకటుంది.

పన్నీరు గులాబి అంటే అత్తరు తీసే డమాస్క్ గులాబేనా? ఎరుపుది ఏమై ఉంటుంది? తెల్లది పాతకాలపు తీగ గులాబా? కొమ్మలు కోసేలోపు ఇంకా ఏమేం చూసి రాసుకోవాలి?

రేకుల_లెక్క

డిండి_తోట గారూ, మూడోదానితో మొదలుపెడదాం. ముందు తేలాల్సింది అదే.

మొదట్లో ఎండిన మొద్దు, పక్కనుంచి లేచిన పొడుగాటి కొమ్మలు, ఏడాదికి ఒక్కసారి తెల్ల గుత్తులు. ఇవి మూడూ కలిశాయంటే అది ఎవరో ఇష్టపడి నాటిన తీగ గులాబి కాదు, అంటు కట్టిన చెట్టు వేరుమూలం. నర్సరీవాళ్ళు పెద్ద పూల హైబ్రిడ్ గులాబీని మల్టీఫ్లోరా అనే అడవి జాతి వేరు మీద కన్ను అంటు కడతారు. నీళ్ళు చాలకో, చెదలు పట్టో పై రకం చచ్చిపోతుంది. వేరు బతికే ఉంటుంది, దాని పిలకలే చెట్టయిపోతాయి. పాత ఇళ్ళల్లో "ఎర్రగా పూసే గులాబి తెల్లగా మారిపోయింది" అని చెప్పే చెట్లలో చాలా వరకు ఇవే.

నిర్ధారించుకోవడం తేలిక. ఒక ఆకును కాడతో సహా తెంపండి. ఆకు కాడ కొమ్మకు అతికే చోట రెండు వైపులా సన్నటి రెక్కలుంటాయి, వాటిని పత్రపుచ్ఛాలంటారు. వాటి అంచులు దువ్వెన పళ్ళలాగా చీలి ఉంటే మల్టీఫ్లోరా. మామూలు తోట గులాబీలకు ఆ అంచు నున్నగానో, సన్నటి గ్రంథి రోమాలతోనో ఉంటుంది తప్ప అలా చీలదు. మల్టీఫ్లోరా ఆకుకు చిన్న ఆకులు ఏడు నుంచి తొమ్మిది, కాయ బఠాణీ గింజంత. పువ్వు దొరికితే నడుమ కీలాలు, అంటే ఆడ భాగపు సన్నటి కాడలు, చూడండి. ఇందులో అవి ఒకదానికొకటి అతుక్కుని సన్నని స్తంభంలా నిలబడతాయి. చైనా గులాబీల్లో, అంటే ఏడాదంతా పూసే ఇంకో పాత వర్గంలో, విడివిడిగా ఉంటాయి.

ఇక పన్నీరు గులాబి. ఈ పేరు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. దక్షిణాదిలో ఈ పేరుతో రెండు వేర్వేరు చెట్లు నడుస్తున్నాయి. ఒకటి అసలు డమాస్క్. కనౌజ్ అత్తరు, పుష్కర్ గులాబ్‌జలం దాని పూలవే. లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమాప్ విడుదల చేసిన నూర్జహాన్, రాణీసాహిబా కూడా డమాస్క్ రకాలే. రెండోది ఎడ్వర్డ్ గులాబి. మన మైదానాల్లో పన్నీరు గులాబి పేరుతో పెరట్లో ఉన్నది దాదాపు ఎప్పుడూ ఇదే.

డమాస్క్‌కు మంచి చలి కావాలి. అది పాత కొమ్మ మీద, చలి తగ్గేటప్పుడు, ప్రధానంగా ఒక్క విడతే పూస్తుంది. నల్లగొండ చలి దానికి చాలదు, ఆకు పెట్టి పూలు ఎగ్గొడుతుంది. ఎడ్వర్డ్ కొత్త చిగురు మీద పూస్తుంది, అందుకే ఏడాదంతా ఏదో ఒక పువ్వు ఉంటుంది. మీ చెట్టు ఏడాది పొడుగునా పూస్తోందన్న ఒక్క మాటతోనే తూకం ఎడ్వర్డ్ వైపు మొగ్గింది. అయినా పూత మీదే ఆధారపడకుండా ఈ కిందివి చూడండి.

పువ్వు కింద కాడ ఉబ్బే చోటు, అంటే రేపు కాయ అయ్యే భాగం, డమాస్క్‌లో గరాటులా పొడుగ్గా సాగి ఉంటుంది. ఎడ్వర్డ్‌లో పొట్టిగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఆకు వెనుక వేలితో రాస్తే డమాస్క్‌కు మెత్తటి నూగు తగులుతుంది, ఆకు రంగు బూడిద కలిసిన పచ్చ, మెరుపుండదు. ఎడ్వర్డ్ ఆకు దాదాపు నున్నన, కొంచెం మెరుస్తుంది. డమాస్క్ కొమ్మ మీద పెద్ద కొక్కెం ముళ్ళు, వాటి మధ్య సూదుల్లాంటి సన్న ముళ్ళు దట్టంగా కలగలిసి, కొమ్మ తొక్క కనపడనంతగా ఉంటాయి. ఎడ్వర్డ్ ముళ్ళు వేటికవి దూరంగా ఉంటాయి, కొమ్మను వేళ్ళతో పట్టుకోవడానికి చోటు దొరుకుతుంది.

రక్షక పత్రాలు తప్పకుండా చూడాలి. విచ్చుకోబోతున్న మొగ్గను తిరగేసి పట్టుకుంటే కింద ఐదు పచ్చటి పత్రాలు కనిపిస్తాయి. ఐదుగురు అన్నదమ్ములే గానీ ఐదూ ఒక్కలా ఉండవు. రెండింటికి రెండు వైపులా ఈకల్లాంటి అంచులు, రెండింటికి ఏ వైపూ లేవు, మిగిలిన ఒక్కదానికి ఒక వైపే. మొగ్గ ముడుచుకున్నప్పుడు ఏ అంచు పక్కదాని కిందికి పోతుందో అది నున్నగా ఉండిపోతుంది, బయటికి ఉన్న అంచే ఈకలు పెడుతుంది. డమాస్క్‌లో ఈ ఈకలు పొడుగ్గా, రక్షక పత్రం కొస చిన్న ఆకులా సాగి, మొగ్గ కంటే పైకి వస్తుంది. చైనా గులాబీల్లో ఈకలు దాదాపు ఉండవు, ఐదూ సాదాగా ఉంటాయి. ఎడ్వర్డ్ ఈ రెండింటి మధ్యరకం. దాని పుట్టుక తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, అప్పట్లో దాని పేరు బూర్బన్, పొలాల చుట్టూ కంచెగా చైనా గులాబీని, శరత్కాలంలో కూడా పూసే డమాస్క్‌ను కలిపి నాటేవారు. ఆ రెండింటికీ తనంతట తాను జరిగిన సంకరమే ఇది. 1817లో బ్రేయాన్ అనే తోటమాలి కంట పడింది, రెండేళ్ళకు విత్తనాలు ఫ్రాన్స్ చేరాయి. బూర్బన్ గులాబీల వర్గమంతా అక్కణ్నుంచే మొదలైంది. వాసన డమాస్క్ నుంచి, ఏడాదంతా పూసే గుణం చైనా నుంచి వచ్చాయి.

ఒక హెచ్చరిక. ఎడ్వర్డ్‌ను కూడా మన దేశంలో వేరుమూలంగా వాడారు. కాబట్టి మొదటి చెట్టు కింద మట్టి నాలుగు వేళ్ళ లోతు తీసి చూడండి. ముడిలా ఉబ్బిన అంటు గుర్తు ఉండి, కొమ్మలు దాని కిందనుంచి వస్తుంటే అదీ మిగిలిపోయిన వేరుమూలమే. రకం ఎడ్వర్డే, కంగారు లేదు. కాకపోతే అక్కడ ఒకప్పుడు వేరే గులాబి ఉండేదని, ఈ పొదను ఎవరూ కావాలని నాటలేదని తెలుస్తుంది.

పాలమూరు_చెలక

పైన అక్క చెప్పిందంత కరెక్టు. ఎర్రదాని గురించి నేను చెప్త.

పువ్వు రెండో రోజుకు ఇంకింత నల్లగైతది అన్నరు చూడుండ్రి, అది పెద్ద గుర్తు. ఇప్పటి హైబ్రిడ్ ఎరుపులు చానా మటుకు ఎండకు వెలిసి ఊదా తిరుగుతయి, అంచులు మాడుతయి. చైనా గులాబీలు ఎండ తగిలినకొద్ది ముదురుతయి. అంటే మీ చెట్టుల చైనా నెత్తురు ఉన్నది. ఇగ తేల్చుకోవాల్సింది రెండిట్ల ఏదనేదే.

ఒకటి గ్రూస్ ఆన్ టెప్లిట్జ్. 1897ల గెష్విండ్ అనేటాయన తీసిన రకం. ఉత్తరాదిల దండలకు, విడిపూలకు దీన్ని మస్తు పండిస్తరు. రెండోది అసలు ఎర్ర చైనా గులాబి. క్రామోయిసీ సుపీరియర్, లూయీ ఫిలిప్ అనే పాత రకాలు ఈ జాతియే, రెండూ 1830ల నాటివి.

తేడా ఎట్ల పట్టాలె? పొద్దుగాల ఏడింటికి, ఎండ ఎక్కకముందు అప్పుడే విచ్చిన పువ్వు వాసన చూడాలె. గ్రూస్‌కు లవంగం కలిసినట్టు ఘాటు వాసన వస్తది, పువ్వు దగ్గర నిలబడితెనే తెలుస్తది. చైనాకు ముక్కు ఆనిచ్చి పీల్చినా సన్నగనే తగులుతది. పువ్వు కొలవాలె. గ్రూస్ ఏడు సెంటీమీటర్లకు తక్కువ రాదు, రేకులు ముప్పై దాకా ఉంటయి. చైనాది నాలుగైదు సెంటీమీటర్లే. రెండూ తల వంచుతయి, ఎందుకంటె రెండిటికీ పూకాడ సన్నగ, బలం లేకుంట ఉంటది. అందుకే తల వంచుడు చూసి రకం తేల్చొద్దు. చిగురు రంగు చూసి కూడ తేల్చొద్దు, రెండిటికీ చిగురు వంకాయ రంగే.

ఎత్తు చూసి అస్సలే మోసపోవద్దు. గ్రూస్ ఐదారు అడుగులైతది, చైనా మూడడుగులు. కానీ మేకలు కొరికిన గ్రూస్, ఏటా పొట్టిగ కత్తిరించిన గ్రూస్ మూడడుగుల కాడనే ఆగుతది. కొమ్మ లావు చూడుండ్రి. గ్రూస్ మొదటి కొమ్మలు వేలంత లావైతయి, చైనా కొమ్మలు పెన్సిల్ లావు దాటుడు కష్టం, గుబురుగ పుల్లలు పుల్లలుగ పెరుగుతది.

ఇంకొక ముచ్చట. మే నెల పువ్వు చూసి ఏ గులాబినీ గుర్తుపట్టొద్దు. మన దిక్కు నలభై నాలుగు డిగ్రీల ఎండల ముప్పై రేకుల పువ్వు పన్నెండు రేకులతోని విచ్చుతది, సైజు సగమైతది, రంగు పోతది, వాసన ఉండనే ఉండదు. ఫోటోలు, కొలతలు, లెక్కలు అన్నీ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి నడుమనే తియ్యాలె. ఇప్పుడు మీకు సరైన టైమే.

ఆకు రంగు కూడ నమ్మొద్దు. మన బోరు నీళ్ళల్ల సున్నం, ఉప్పు ఎక్కువ. చెలక నేలల ఏండ్ల తరబడి అవే నీళ్ళు పడితె చెట్టుకు ఇనుము అందదు. కొత్త ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగుంటయి. అట్ల ఉన్న చెట్టు ఆకును చూసి "లేత పచ్చ ఆకు రకం" అని రాసుకుంటె తప్పైపోతది. ముందు లీటరు నీళ్ళకు అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి పొద్దుగూకినంక ఆకు తడిసేటట్టు కొట్టుండ్రి. వారం పది రోజులకు మళ్ళొకసారి. మట్టిల పోస్తె లాభం లేదు, సున్నం దాన్ని అక్కడనే పట్టేస్తది. ఇనుము తక్కువైన చెట్టు కొమ్మలు వేరు కూడ సరిగ వెయ్యవు, అందుకే కోసేటందుకు మూడు వారాల ముందే ఈ పని మొదలుపెట్టాలె.

నల్లగొండ_పూదోట

ఒక చిన్న చేర్పు. పోల్చి చూసుకోవాలంటే లతీఫ్ సాహెబ్ దర్గా దగ్గర చాదర్ల కోసం అమ్మే విడిపూలు పావు కిలో తెచ్చుకోండి. దండకు గుచ్చిన పూలు వద్దు, కాడ కొద్దిగానైనా ఉన్న విడిపూలే కావాలి. పువ్వు కింది ఉబ్బు, రక్షక పత్రాలు వాటికి ఉంటాయి, మీ పువ్వు పక్కన పెట్టి చూడొచ్చు. కానీ అమ్మేవాళ్ళు చెప్పే పేరును రకం పేరుగా రాసుకోకండి. తమిళనాడులో ఎర్ర విడిపూల గులాబీని "ఆంధ్రా రెడ్" అంటారు. మన బజారులో దాన్నే దేశీ అంటారు. ఆ మాటలు పువ్వు ఎక్కణ్నుంచి వచ్చింది, దేనికి వాడతారు అన్నంతవరకే చెబుతాయి.

గ్రూస్ 1897 నాటిది కదా, "పాత తోట గులాబి" అనొచ్చా అని ఎవరికైనా సందేహం రావచ్చు. 1867లో లా ఫ్రాన్స్ వచ్చింది. ఇప్పటి పెద్ద పూల హైబ్రిడ్ గులాబీల వర్గాన్ని హైబ్రిడ్ టీ అంటారు, అందులో మొదటిది అదేనని లెక్క. ఆ ఏడాదికి ముందే ఉన్న వర్గాలను పాత తోట గులాబీలంటారు. గీత గీసింది వర్గానికి, ఒక్కో రకానికి కాదు. గ్రూస్‌ను పాత వర్గాల్లోనే లెక్కపెడతారు కాబట్టి ఆలస్యంగా పుట్టినా పాతదే.

డిండి_తోట

అందరికీ ధన్యవాదాలు. నిన్న పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా చూసి రాసుకున్నవి ఇవి.

మొదటి చెట్టు: పువ్వు కింది ఉబ్బు పొట్టిగా, కోడిగుడ్డు ఆకారమే. ఆకు వెనుక నూగు లేదు. చిన్న ఆకులు ఐదు, కొన్నింటికి ఏడు. రక్షక పత్రాల ఈకలు ఉన్నాయి కానీ పొట్టివి, కొస మొగ్గ దాటి రాలేదు. మూడు పూల రేకులు లెక్కపెడితే 27, 31, 29. మట్టి తీసి చూస్తే అంటు ముడి లేదు, కొమ్మలన్నీ నేలలోంచే వచ్చాయి.

రెండోది: పువ్వు నాలుగున్నర సెంటీమీటర్లు. వాసన చాలా తక్కువ. మొదటి కొమ్మలు పెన్సిల్ లావే. రక్షక పత్రాలు సాదావి. నడిమి రేకులు రెండు మూడు లేత గులాబి రంగులో, ఒకదాని మీద తెల్లటి గీత ఉంది.

మూడోది: పత్రపుచ్ఛాలు దువ్వెనలాగే ఉన్నాయి. సందేహం లేదు.

రెండోదాన్ని లూయీ ఫిలిప్ అని రాసుకోవచ్చా? కొమ్మలు ఎప్పుడు, ఎంత పొడుగు కోయాలి? తెల్లదాన్ని పీకేయాలా?

రేకుల_లెక్క

మొదటిది ఎడ్వర్డ్. మీరిచ్చిన గుర్తుల్లో ఒక్కటీ ఎదురు చెప్పడం లేదు. సొంత వేరు మీద ఉన్నది కాబట్టి ఎవరో కొమ్మ తెచ్చి నాటినదే.

రెండోది ఎర్ర చైనా. అంతవరకే ఖాయం చేయండి. నడిమి రేకులు లేతగా ఉండటం లూయీ ఫిలిప్‌కు చెప్పే గుర్తు, రేకు మీద తెల్ల గీత క్రామోయిసీ సుపీరియర్‌లోనూ వస్తుంది. ఈ రెండు రకాలూ ప్రపంచమంతటా ఒకదాని పేరుతో ఇంకొకటి అమ్ముడవుతున్నాయి. ఒక్క చలికాలపు పువ్వుతో అందులో ఒకదాని పేరు రాసేస్తే, మీ దగ్గర కొమ్మ తీసుకున్నవాళ్ళు ఆ పేరునే ముందుకు మోసుకుపోతారు. దొరికిన గులాబీలకు ఊరి పేరు పెట్టుకునే పద్ధతి ఒకటుంది. చీటీ మీద "దేవరకొండ ఎరుపు, చైనా వర్గం" అని, దొరికిన చోటు, తేదీ రాయండి. ఎప్పటికైనా అసలు పేరు తేలితే పక్కన చేర్చుకోవచ్చు. ఊరి పేరు మాత్రం చెరపకండి.

ఫోటోలు ఎన్నయినా తీయండి గానీ ఈ ఐదు లేకపోతే మిగతావి ఎందుకూ పనికిరావు: పక్కనుంచి మొగ్గ, పైనుంచి పూర్తిగా విచ్చిన పువ్వు, కిందనుంచి రక్షక పత్రాలు, పత్రపుచ్ఛాలు కనిపించేలా ఒక ఆకు మొత్తం, ముళ్ళున్న కొమ్మ. ప్రతిదాంట్లో పక్కన స్కేలు పెట్టండి. ఎర్ర పువ్వును మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే ఫోన్ కెమెరా దాన్ని మెరుపు గులాబి రంగులో చూపిస్తుంది, రేకుల అంచులు కలిసిపోతాయి. నీడలో, తెల్ల కాగితం ముందు తీయండి. ఒక పువ్వు, ఒక ఆకుల కొమ్మ పాత పేపర్ల మధ్య బరువు కింద పెట్టి, మొదటి వారం రోజూ పేపరు మార్చండి. మార్చకపోతే బూజు పడుతుంది.

నల్లగొండ_పూదోట

కొమ్మల సంగతి. జనవరి నెలాఖరులోపు కోసేయండి. ఫిబ్రవరి దాటితే ఎండ ముదిరి కొమ్మలు వేరు వేయకముందే వాడిపోతాయి.

పూసి రాలిన కొమ్మ ఎంచుకోవాలి. పూసి వారం పది రోజులైన కొమ్మ మరీ లేతా కాదు, మరీ ముదురూ కాదు. పరీక్ష ఏమిటంటే ముల్లును వేలితో పక్కకు నెట్టండి. టక్కున విరిగి ఊడితే కొమ్మ సరైన పదునులో ఉంది. వంగి తొక్కతో సహా చీరుకుంటే ఇంకా లేత. ఎడ్వర్డ్‌కు పెన్సిల్ లావు, 15 నుంచి 20 సెంటీమీటర్లు, నాలుగు కణుపులు. చైనాకు అంత లావు దొరకదు, అగ్గిపుల్లకు రెండింతల లావు, 10 నుంచి 12 సెంటీమీటర్లు, మూడు కణుపులు చాలు. కింద కోత కణుపుకు అర సెంటీమీటరు దిగువన ఏటవాలుగా, పై కోత కణుపుకు పైన అడ్డంగా. అలా కోస్తే ఏది కిందో ఏది పైనో తర్వాత తికమక పడరు. పైన ఒక ఆకు ఉంచి మిగతావి తీసేయండి.

వేరు మందు విత్తనాల దుకాణంలో పొడిగా దొరుకుతుంది. ఐబీఏ అనే వేరు మందు కొని సొంతంగా కలుపుకునేవాళ్ళు 2000 పీపీఎంకు (పది లక్షల పాళ్ళలో 2000 పాళ్ళు) 100 మిల్లీలీటర్లలో 0.2 గ్రాములు వేయాలి. నేరుగా నీళ్ళలో కరగదు. ముందు 50 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పూర్తిగా కరిగించి, తర్వాత 50 మిల్లీలీటర్ల శుభ్రమైన నీళ్ళు కలపండి. కొమ్మ కింది రెండు సెంటీమీటర్లు పది సెకన్లు ముంచి తీయాలి. ఎక్కువసేపు ముంచితే తొక్క నల్లబడి కుళ్ళుతుంది.

మట్టి: ఇసుక రెండు పాళ్ళు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, ఎర్రమట్టి ఒక పాలు. పశువుల ఎరువు కలపొద్దు, వేరు లేని కొమ్మకు అది తెగులే తెస్తుంది. కొబ్బరి పొట్టును మూడుసార్లు మంచినీళ్ళలో నానబెట్టి పిండకపోతే అందులో ఉప్పు మిగిలిపోతుంది. బోరు నీళ్ళ బదులు వాన నీళ్ళో కృష్ణా నీళ్ళో పోయండి. రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటి, చుట్టూ గట్టిగా అదమండి. లోపల గాలి సందు ఉంటే అక్కడ కొమ్మ ఎండుతుంది.

ఇరవై రోజులకు చిగురు కనిపిస్తుంది. అది చూసి చాలామంది కొమ్మను లాగి చూస్తారు, లేదా ఎండలోకి మారుస్తారు. చిగురొచ్చిందంటే వేరొచ్చిందని కాదు. కొమ్మలో నిల్వ ఉన్న బలంతోనే ఆ చిగురు వస్తుంది. నాలుగైదు వారాలు ఆగి, కవరు అడుగు చిల్లులోంచి తెల్ల వేరు కనిపించాకే కదపండి. నీడనుంచి ఎండకు వారం రోజుల్లో కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి.

ఎన్ని కొమ్మలు? ఎడ్వర్డ్‌వి పది చాలు, అది మొండి జాతి. చైనాకు ఇరవై ఐదు తగ్గొద్దు. సన్న కొమ్మ తొందరగా ఎండుతుంది. దానికి తోడు నేల అంటు కూడా కట్టండి. కిందికి వంగే కొమ్మకు అడుగు వైపు మూడు సెంటీమీటర్ల నాలుక కోత పెట్టి, కోత మూసుకుపోకుండా మధ్యలో చిన్న పుల్ల ఇరికించి, మట్టిలో పది సెంటీమీటర్ల లోతున అదిమి పైన రాయి పెట్టండి. ఏడెనిమిది వారాల్లో వేరేస్తుంది. ఇప్పుడే పెడితే ఇల్లు కూల్చేలోపు తెంపుకోవచ్చు.

పాలమూరు_చెలక

తెల్లదాన్ని పీకకుండ్రి. ఎండిపోయిన మొద్దును మాత్రం తీసెయ్యుండ్రి. మల్టీఫ్లోరా కొమ్మలు ఓ పది వేరే కవర్లల్ల నాటి పెట్టుకుంటె, మీ ఎర్ర చైనాకు అవ్వే వేరుమూలం. సన్న కొమ్మలు వేరు వెయ్యకుంట సతాయించినా, ఒక్క కన్ను దొరికితె చాలు, టి ఆకారం కోత పెట్టి అంటు కట్టొచ్చు. వేరుమూలం కొమ్మ పెన్సిల్ లావైనంక, తొక్క సులువుగ లేస్తున్నప్పుడే కట్టాలె. తొక్క లేవకపోతె రెండు రోజుల ముందుగాల నీళ్ళు మంచిగ పెట్టి చూడుండ్రి. కన్ను పెట్టినంక ప్లాస్టిక్ టేపు కన్ను కనపడేటట్టు చుట్టాలె, మూడు వారాలకు విప్పాలె.

తర్వాత ఆ చెట్టుకు అడుగునుంచి దువ్వెన పుచ్ఛాల పిలక ఎప్పుడొచ్చినా కత్తెరతోని నేల మట్టానికి కొయ్యొద్దు. కోస్తె అడుగు కండ్లు మిగిలి నాలుగు లేస్తయి. మట్టి తవ్వి, పిలక వేరుకు అతికిన చోటికి పోయి, కిందికి గుంజి పీకెయ్యాలె.

రేకుల_లెక్క

కత్తిరింపు గురించి ఒక మాట, రెండు చెట్లూ కొత్త చోట నిలదొక్కుకున్నాక అవసరమవుతుంది. హైబ్రిడ్ టీలకు అక్టోబర్‌లో చేసే గట్టి కత్తిరింపు వీటికి చేయొద్దు. ఎడ్వర్డ్‌కు అక్టోబర్ రెండో వారంలో మూడో వంతు పైనుంచి తీసి, లోపలి ఎండు కొమ్మలు తీసేస్తే చాలు. ఆరు ఏడు వారాల్లో పూత వస్తుంది. చైనాకు పూసిన గుత్తులు తుంచడం, ఎండు పుల్లలు తీయడం తప్ప కత్తెర పెట్టాల్సిన పని లేదు. గట్టిగా కోస్తే ఏడాది పాటు బలం పుంజుకోదు, కొన్నిసార్లు పైనుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి ఎండుతుంది. కోసిన ప్రతి చోటా కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద రాయండి.

డిండి_తోట గారూ, వేరొచ్చిన కొమ్మల్లో కనీసం రెండు ఎరుపువి వేరే ఊళ్ళో ఇంకొకరి దగ్గర పెట్టండి, చీటీతో సహా.